మంచులో ఆడు పసివారి చేతితొడుగులు



ఈ పూట నేను చెప్పదలచిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. మంచు కురియు దేశములలో ఆరుబయట ఆడుకొను పసివారి చేతులకు ఎట్టి తొడుగులు వేయవలయును, నీరు లోనికి చొరనివానిని ఎట్లు ఏరుకొనవలయును అనునదియే నేటి ప్రసంగము. చేతితొడుగులనగా వాడుకలో గ్లౌజులు. "ఎండలు మండు మన పల్లెలలో ఈ ముచ్చట యెందుకు?" అని కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. కాని నేడు మన గ్రామములనుండి అనేకుల బిడ్డలు అమెరికాలోను, కెనడాలోను, స్వీడను మొదలగు ఉత్తర దేశములలోను కాపురములు చేయుచున్నారు. తల్లిదండ్రులు ఇరువురును ఉద్యోగములకు పోవుదురు గనుక, మనుమలను చూచుకొనుటకై ఇచ్చటినుండి పెద్దలు ప్రయాణమై పోవుచుందురు. అట్టి యింట ఉదయమున బిడ్డకు చలికోటు తొడిగి బయటికి పంపు పని అమ్మమ్మకో తాతయ్యకో పడును. ఆ పనిలో చేతుల విషయము తెలియనిచో బిడ్డకు బాధ, తెలిసినచో ఆనందము. నేను నా కుమార్తె కుటుంబముతో మిన్నియాపొలిస్ నగరమున రెండు శీతకాలములు గడిపితిని. అచ్చట చూచినదియు, అటుపిమ్మట విచారించి తెలిసికొన్నదియు మీకు మనవి చేయుచున్నాను.

ముందుగా ఒక మూల విషయము. తొడుగు వేడిని పుట్టింపదు. చేతిలోని వేడిని చెదరిపోకుండ కాపాడుట మాత్రమే దాని పని. చేతికి వేడి వచ్చునది రక్తమువలన. దేహము చల్లబడినపుడు గుండె, ఊపిరితిత్తులు మొదలగు ముఖ్యావయవములను కాపాడుకొనుటకై శరీరము చేతులకును కాళ్ళకును పోవు రక్తనాళములను బిగించును. కావున చలి మొదట తగులునది వ్రేళ్ళ కొనలకే. పసివారి చేయి చిన్నది. చిన్న వస్తువునకు దాని పరిమాణమును బట్టి చూడగా పైతట్టు ఎక్కువ. కనుక అది పెద్దవారి చేతికంటె త్వరగా చల్లారును. పెద్ద గిన్నెలోని పాలకంటె చిన్న గ్లాసులోని పాలు ముందుగా చల్లారుటను మనము దినమును చూచుచునే యున్నాము గదా.

ఇక చేతికి చలి కలిగించునది గాలియా, నీరా? మనలో పెక్కుమంది గాలియే యనుకొందురు. అందుచేత మందమైన తొడుగు కొనిన చాలునని తలంతురు. నిజమునకు పసివాని చేతికి పెద్ద శత్రువు తడి. నిలిచియున్న గాలికంటె నీరు వేడిని సుమారు 24 రెట్లు త్వరగా లాగికొనిపోవును. అంతటితో ఆగక, ఆ నీరు ఆవిరియగుటకును మరల వేడి కావలయును. వేసవిలో మన మట్టికుండలోని నీరు చల్లబడుట యెట్లు? కుండ గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని నీటి వేడిని తీసికొనిపోవును. వట్టివేళ్ళ తడికలపై నీరు చల్లినపుడు గది చల్లబడుటయు ఇట్టిదే. వేసవిలో మనకు మేలు చేయు ఆ ధర్మమే శీతకాలమున తడిసిన తొడుగులోని చేతికి కీడు చేయును. చర్మపు వేడిమిలో ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి పట్టును. పది గ్రాముల నీరు, అనగా రెండు చిన్న చెంచాల నీరు, తొడుగులో ఇంకినదనుకొనుడు. అది ఆరుటకు 5,800 కేలరీలు కావలయును. నూరు గ్రాముల నీటిని 58 డిగ్రీలు చల్లార్చిననాడు పోవునంతటి వేడి అది. ఆ వేడిలో ఎక్కువ భాగము ఆ చిన్న చేయియే ఇచ్చుకొనవలసివచ్చును.

దీనినిబట్టి ఒక చిత్రమైన సంగతి తేలుచున్నది. మిక్కిలి చలిగానున్న దినమే చేతులు ఎక్కువ తడియు దినము కాదు. మిన్నియాపొలిస్‌లో జనవరి నెల సగటు ఉష్ణమానము సున్నకు దిగువ సుమారు 9 డిగ్రీలు. అట్టి చలిలో మంచు ఎండిన పిండివలె పొడిపొడిగా నుండును. తొడుగుపై పడినను దులిపిన రాలిపోవును. స్వీడను రాజధాని స్టాక్‌హోములో జనవరి ఉష్ణమానము పెక్కు దినములలో సున్నకు అటునిటుగా నుండును. అచ్చటి మంచులో నీరు కలిసియుండును. అది తొడుగునకు అంటుకొని, చేతివేడికి కరగి, లోని కింకును. ఒక గ్రాము మంచు కరగుటకు 80 కేలరీలు కావలయును, అదియు చేతినుండియే. కావున నేను పెద్దలకు చెప్పు సులభమైన గుర్తు ఇది: గుప్పెడు మంచు తీసికొని పిసికి చూడుడు. ఉండ కట్టినచో అది నీటి దినము. నీరు చొరని తొడుగు తప్పనిసరి. ఉండ కట్టక వ్రేళ్ళ సందులనుండి రాలిపోయినచో అది చలి దినము. లోపలి ఉన్ని మందముగా నుండవలయును. పిల్లలు మంచుబొమ్మలు చేయుటకు ఉవ్విళ్ళూరునది ఉండ కట్టు దినముననే యని మరువకుడు.

ఉన్ని మాట వచ్చినది గనుక మన గొంగడిని తలంచుకొందము. తెలంగాణమునను రాయలసీమయందును గొఱ్ఱెల కాపరులు దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్లని గొంగడిని కప్పుకొని వానలో మంద వెంట తిరుగుట మీ రెరిగినదే. గొంగడి కొంత తడిసినను కాపరికి వెచ్చగానే యుండును. ఏలన, ఉన్నిపోగు వంకరలు తిరిగియుండి తన నడుమ గాలిని పట్టియుంచును. తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చుకొనియు తడిగా తోచదు. నూలుబట్ట అట్లు కాదు. అది తడిసిన వెంటనే అణగి చర్మమునకు అంటుకొనును, లోని గాలి పోవును, వెచ్చదనము పోవును. కాబట్టి మంచులో ఆడు బిడ్డకు నూలు తొడుగు వేయరాదు. అయినను ఉన్ని ఒక్కటే చాలునా? చాలదు. మంచుపై గంటసేపు పాకి, త్రవ్వి, ఉండలు చేయు బిడ్డ చేతిలో ఉన్నితొడుగు తుదకు తడిసి బరువెక్కును. గొంగడిని కప్పుకొన్న కాపరి వాననీటిలో చేతులు ముంచి కూర్చుండడు. మన మనుమడు కూర్చుండును! అందుచేత రెండు పొరలు కావలయును. లోపల వెచ్చదనమునకు ఉన్ని. పైన నీటిని ఆపుటకు వేరొక తోలు వంటి పొర. వరినాట్లవేళ వీపుపై తాటాకు గిడుగు నీటిని ఆపినట్లు ఈ పైపొర ఆపవలయును.

ఈ పైపొర సంపాదించుటకు మానవుడు చాలకాలము శ్రమపడినాడు. స్కాట్లండు దేశస్థుడగు చార్లెస్ మాకింటాషు 1823లో రబ్బరును తారునుండి తీసిన నాఫ్తాలో కరగించి, రెండు బట్టల నడుమ పూసి, వాననీరు చొరని బట్టను చేసెను. కాని ఆ రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసగుచుండెను. అమెరికాలో చార్లెస్ గుడియరు రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతికి 1844లో పేటెంటు పొందినాడు. ఆ లోపము తొలగెను. 1969లో రాబర్టు గోరు అను నతడు టెఫ్లాను జాతి పదార్థమును ఒక్కసారిగా సాగదీసి, కంటికి కానరాని రంధ్రములుగల పలుచని పొరను కనుగొనెను. నీటిబొట్టు దూరలేనంతటి చిన్నవి ఆ రంధ్రములు. చెమట ఆవిరి మాత్రము బయటికి పోగలదు.

నేడు బజారులో పసివారికి దొరకు నీటి తొడుగులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, పాలియెస్టరు బట్టపై పాలియురెథేను పూత పూసినది. ఉత్తర ఐరోపాలో శిశుపాఠశాలలకు పోవు పిల్లలు వర్షమునకును బురదకును వేసికొనునవి ఇవియే. ఆ పాఠశాలలలో వానయైనను మంచైనను పిల్లలను బయటికి తీసికొనిపోవుట వాడుక. ఈ తొడుగులలో మంచివాని అతుకులు కుట్టుటకు మారుగా వేడిచే అతికింపబడియుండును. నీరు బొత్తిగా చొరదు. కాని చెమటయు బయటికి పోదు. అరగంట, గంట ఆటలకు ఇవి దివ్యముగా పనిచేయును, వెలయు తక్కువ. రెండవది, పైన చెప్పిన రంధ్రముల పొర కలది. ఎక్కువసేపు ఎక్కి దిగి పరుగెత్తు పిల్లలకు మంచిది, వెల హెచ్చు. మూడవది నియోప్రీను. ఇది 1930లో అమెరికాలో పుట్టిన కృత్రిమ రబ్బరు. సముద్రములో ఈదువారి దుస్తులకు వాడుదురు. తడిసినను వెచ్చగా నుండును గాని, బిరుసైనది. మూడేండ్ల బిడ్డ వ్రేళ్ళకు దానిని వంచు బలము చాలదు. నావరకు నేను పసివారికి మొదటి విధమునే మెచ్చుకొందును. లోపల పలుచని ఉన్నితొడుగు వేసిన చాలును.

కొనునపుడు చీటీపై వ్రాసిన మాటలను జాగ్రత్తగా చదువవలయును. 'వాటర్‌ప్రూఫ్' అనిన నీరు చొరనిది. 'వాటర్ రెసిస్టెంట్', 'వాటర్ రిపెల్లెంట్' అనిన నీటిబొట్లు కొంతసేపు జారిపోవునవి మాత్రమే. బిడ్డ నీటిగుంటలో చేయి పెట్టిన తడియును. కొన్నిటిపై 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అని అంకెలుండును. బట్టపై అంత ఎత్తున నీరు నిలిపినను కారదని దాని భావము. పదివేలనగా పది మీటర్ల నీరు. ఒక లోతైన దిగుడుబావి యంత. ఆ అంకె చూచి మురియవద్దు. అది బట్టకు చేసిన పరీక్ష, అతుకులకు గాదు. తొడుగులోనికి నీరు వచ్చునది తరచుగా బట్టనుండి గాక సూదిరంధ్రములనుండియు, మణికట్టు నోటినుండియు. బొటనవ్రేలి మొదట అతుకును ప్రత్యేకముగా చూడుడు. మరియొక మాట: ఈ వయస్సు పిల్లలు తొడుగును నోట పెట్టుకొందురు. నీటిని జార్చుటకు వాడు ఫ్లోరిను రసాయనములు లేని పూతలు ఇప్పుడు దొరకుచున్నవి. అవి యెన్నుకొనుట మేలు.

కొన్న తరువాత ఇంటిలోనే పరీక్షింపవచ్చును. తొడుగులో ఎండిన కాగితపు రుమాలు పెట్టుకొని, మీ చేతివ్రేళ్ళు పట్టినంతమేర లోపలికి జొనిపి, బకెట్టు నీటిలో మణికట్టు మునుగకుండ ఐదు నిమిషము లుంచుడు. వ్రేళ్ళు మూసి తెరచుచు నుండుడు. తీసి చూచినపుడు కాగితము తడిసియున్నచో మరునాడే దుకాణమునకు తిరిగి పంపవచ్చును. మంచులో బిడ్డ చేతితో పరీక్షించుటకంటె ఇది మేలు గదా!

ఇక ఆకారము. నాలుగేండ్లు నిండని బిడ్డకు అయిదు వ్రేళ్ళ తొడుగు వద్దు. వ్రేలికొక గదియైనచో ప్రతి వ్రేలును ఒంటరియై చల్లారును. బొటనవ్రేలికి ఒక గది, తక్కిన నాలుగింటికి ఒకే గది గలదానిని మిటెను అందురు. అందులో నాలుగు వ్రేళ్ళును ఒకదాని వేడి నొకటి పంచుకొనును, ఒకే కంబళిలో పండుకొన్న అన్నదమ్ములవలె. అదియుగాక, మూడేండ్ల బిడ్డచే అయిదు వ్రేళ్ళను అయిదు గదులలో దూర్పించుట ఎంతటి ఓర్పుగలవారికైనను పరీక్షయే. రెండేండ్లలోపు వారికి బొటనవ్రేలి గది లేని సంచి వంటి తొడుగైనను చాలును. వ్రేళ్ళ కొనకును తొడుగు కొనకును నడుమ అరయంగుళము ఖాళీ యుండవలయును. బిగుతైనచో లోని గాలి పోవును, రక్తము ఆడదు. మిక్కిలి వదులైనచో బిడ్డ పారను పట్టుకొనజాలక తొడుగును విసరివైచును. ఆటకు అడ్డువచ్చు తొడుగు ఎంత మంచిదైనను అక్కరకు రాదు. బిడ్డ చేతిపై నుండునదే మంచి తొడుగు.

లోపలి అస్తరును కూడ చూడుడు. చేయి లోనికి దూర్చి తీయుడు. చేతితోపాటు అస్తరు బయటికి వచ్చినచో ఆ తొడుగును విడిచిపెట్టుడు. తడి చేతితో తీసిన తరువాత అందులో మరల వ్రేళ్ళు దూరవు. బిడ్డ ఏడ్చును, పెద్దలు విసుగుకొందురు. మణికట్టు భాగము పొడుగుగా, మోచేతికి సగము దూరము వచ్చునట్లుండవలయును. నోరు వెడల్పుగా నుండి, ఒక్క పట్టీతో బిగియునది యైనచో బిడ్డయే తొడిగికొనును. మంచు త్రవ్వి పాకు ఆటలలో తొడుగు అంచు కోటుచేతికి పైన నుండవలయును. లేనిచో మంచు సందులో దూరును. వానలో నిలిచి ఆడునపుడు కోటుచేయి తొడుగునకు పైన నుండవలయును. అప్పుడు కోటుపైనుండి జారు నీరు తొడుగులో పడక నేలపై పడును. ఇంటికప్పు మీద పైపెంకు క్రిందిపెంకును కప్పియుండునట్లే ఇదియు.

తొడుగులు పోవుట అచ్చట నిత్యకృత్యము. అదియు జోడులో ఒక్కటే పోవును! రెండింటిని త్రాటితో కట్టి కోటులోనుండి పోనిచ్చు పాతపద్ధతి కలదు గాని, జారుడుబల్లలు మొదలగువానిపై ఆడునపుడు త్రాడు చిక్కుకొను ప్రమాదమున్నది. కోటుచేతికి తగిలించు చిన్న క్లిప్పులు మేలు. రంగు ఎరుపో పసుపో యుండిన మంచులో కనబడును. లోపల బిడ్డ పేరు వ్రాయుడు. ఒక్క జత చాలదు. ఒకటి చేతిపై, ఒకటి ఆరుచు, ఒకటి బడిసంచిలో: మూడు జతలున్న యింట గొడవలుండవు. ఆరబెట్టునపుడు నోరు తెరచి, అస్తరు ఊడివచ్చునదైనచో వేరుచేసి, వెచ్చని గదిలో వ్రేలాడదీయుడు. హీటరుపై నేరుగా పెట్టినచో పూత పగులును. పాతకాగితము ఉండచుట్టి లోపల పెట్టిన తేమను పీల్చును.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. ఇంత చేసినను ఎప్పుడో ఒకప్పుడు బిడ్డ చేతులు చలికి కొయ్యబారవచ్చును. వ్రేళ్ళు పాలిపోయి, స్పర్శ తగ్గినచో వెంటనే లోపలికి తెండు. తడి తొడుగులు తీసివేయుడు. మన యలవాటు ప్రకారము చేతులను గట్టిగా రుద్దవద్దు. చలికి దెబ్బతిన్న చర్మము రుద్దుటచే మరింత చెడును. మంటదగ్గరను హీటరుదగ్గరను పట్టవద్దు. స్పర్శ లేని వ్రేళ్ళు కాలినను బిడ్డకు తెలియదు. మీ చంకలలో ఆ చేతులను ఉంచుకొనుడు. లేదా 37 మొదలు 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచుడు. వేడిని మీ మోచేతితో చూచుకొనుడు. రంగు తిరిగి రానిచో, చర్మము గట్టిపడినను, బొబ్బలెక్కినను వైద్యుని చూపవలయును. గాలితో కూడిన చలి సున్నకు దిగువ 26 డిగ్రీలకు దిగిన దినమున పసివారిని బయట ఆడనీయకుండుటే అమెరికాలోని శిశుసంరక్షణ ప్రమాణముల మాట.

అట్టి దినములు తప్ప, తక్కిన దినములందు బిడ్డను గదిలో బంధింపకుడని నా మనవి. "బయటికి పోకు, జలుబు చేయును" అనుట మన నోటికి అలవాటైన మాట. జలుబు తెచ్చునది సూక్ష్మక్రిములు; అవి మూసిన గదులలో ఒకరినుండి యొకరికి మరింత సులభముగా వ్యాపించును. తక్కిన పిల్లలందరు మంచుబొమ్మ చేయుచుండగా తడి చేతులను చంకలలో పెట్టుకొని ఒక మూల నిలిచియుండు బిడ్డను నేను చూచితిని. ఆ బిడ్డకు చలి ఎంత బాధయో, ఆటలో చేరలేకపోవుట అంతకంటె బాధ. పరాయి దేశమున పుట్టి పెరుగు మన బిడ్డలు అచ్చటి పిల్లలతో కలియునది ఆటలోనే. మాట రాకమునుపే మంచు వారిని కలుపును. చేతులు పొడిగానున్న బిడ్డ ఆటలో నిలుచును.

ఊరు కదలలేని పెద్దలకు ఒక మాట. మనుమలకు ఇచ్చటినుండి ఏదైన పంపదలచినచో పైతొడుగును వారినే కొనుక్కొననిండు. అది అచ్చటి వాతావరణమునకు తగినది అచ్చటనే దొరకును. మీరు మెత్తని ఉన్నితో, బొటనవ్రేలికి ఒక గది యుంచి, పలుచగా లోపలి తొడుగు అల్లి పంపుడు. కొలతకై బిడ్డ చేతిని కాగితముపై పెట్టించి గీత గీయించి తెప్పించుకొనుడు. ఏడాదికి ఆ చేయి పెరుగును గనుక మరల గీయింపవలయును. నీటిని ఆపు పని పైపొరది; వెచ్చదనము మీ చేతి అల్లికది. ఈ రెండును చేరినచో ఆ చిన్న చేతులు మంచులోనైనను వెచ్చగా ఉండును.